అగస్టా నుంచి అట్లాంటా దాకా: బ్రేవ్స్ కింది టీముల వెంట

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో మన ఊరి బేస్‌బాల్ టీము బ్రేవ్స్ టోపీ ఒకటైనా ఉంటుంది, కానీ ఆ టీముకి ఆటగాళ్ళు ఎక్కడ తయారవుతారో చూసొచ్చినవాళ్ళు తక్కువ. పెద్ద దూరమేం కాదు. చాలా క్లబ్బులకి కింది టీములు తలా ఒక రాష్ట్రంలో చెల్లాచెదురుగా ఉంటాయి. బ్రేవ్స్‌కి మాత్రం మిసిసిపీలో ఉన్న డబుల్-ఏ టీము 2025లో కొలంబస్‌కి మారిపోవడంతో నాలుగూ కారులో పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే దూరంలోకి వచ్చేశాయి. అడుగున అగస్టా (సింగిల్-ఏ), దానిమీద రోమ్ (హై-ఏ), ఆపైన కొలంబస్ (డబుల్-ఏ), చివరి మెట్టు గ్విన్నెట్ (ట్రిపుల్-ఏ). ఆ తర్వాత అట్లాంటాయే.

నాతో వచ్చింది మా మామయ్య. నరసరావుపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. బేస్‌బాల్ గురించి ఆయనకేమీ తెలియదు, కానీ చెయ్యి ఎలా తిరుగుతోంది, కాలు ఎక్కడ పడుతోంది అనేది ఆయన కంటికి నాకంటే ముందు దొరుకుతుంది. ఈ కింది టీములు ఆడే మైనర్ లీగుల్లో మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు మ్యాచ్‌లు ఆడతారు, సోమవారం సెలవు. నాలుగు షెడ్యూళ్ళూ పక్కపక్కన పెట్టుకుని, 2025 ఆగస్టులో ఒక గురువారం బయలుదేరాం.

గురువారం, అగస్టా

ఐ-20 మీద తూర్పుకి సుమారు 145 మైళ్ళు, దారి పొడుగునా పైన్ చెట్లు, ఇంకేం లేదు. టీము పేరు అగస్టా గ్రీన్‌జాకెట్స్, మాస్టర్స్ గోల్ఫ్ గెలిచినవాళ్ళకి వేసే ఆకుపచ్చ కోటు నుంచి వచ్చింది. తమాషా ఏంటంటే స్టేడియం అగస్టాలో లేదు. సవన్నా నది దాటి సౌత్ కరోలినాలో, నార్త్ అగస్టాలో ఉంది. 2018లో కట్టిన ఎస్ఆర్‌పీ పార్క్, నది ఒడ్డునే, చుట్టూ కొత్త అపార్ట్‌మెంట్లు. బాల్కనీల్లోంచి మ్యాచ్ చూస్తున్నవాళ్ళని చూసి మామయ్య అద్దె ఎంతుంటుందని మొదలుపెట్టారు.

గేట్లు తెరవగానే లోపలికి వెళ్ళడం మంచిదైంది. బుల్‌పెన్ (బంతి విసిరే పిచ్చర్లు సాధన చేసుకునే చోటు) పక్కన ఒక కుర్రాడు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, రంగురంగుల బరువు బంతులు గోడకేసి కొడుతున్నాడు. ఒక్కో రంగుది ఒక్కో బరువు. ముందు బాగా బరువున్నది, మోకాలి మీద కూర్చుని, నడుము తిప్పకుండా, ఒట్టి చేత్తోనే. తర్వాత కొంచెం తేలికది, లేచి నిలబడి. చివరికి అసలు బంతి. ప్రతి విసురు తర్వాత ఒక కోచ్ ట్యాబ్ చూపిస్తాడు, కుర్రాడు తలూపుతాడు, మళ్ళీ విసురుతాడు. మామయ్య కంచె పట్టుకుని కాసేపు కదల్లేదు. "మోచేయి దిగిపోతోంది అల్లుడూ, అలిసిపోయినప్పుడు చూడు" అన్నారు. నాకేం కనపడలేదు. పది బంతుల తర్వాత కోచ్ కుర్రాడి మోచేయి పట్టుకుని కాస్త పైకి లేపాడు.

ఈ అడుగు మెట్టులో ఉన్నవాళ్ళు రెండు రకాలు. కాలేజీ నుంచో హైస్కూల్ నుంచో డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే పద్ధతి) వచ్చినవాళ్ళు, పదహారేళ్ళకే డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా లాంటి చోట్ల సంతకం పెట్టి వచ్చినవాళ్ళు. బ్రేవ్స్ స్టార్ రొనాల్డ్ అకూన్యా జూనియర్ ఆ రెండో రకమే. 2014లో బ్రేవ్స్ అతనికిచ్చింది లక్ష డాలర్లు. అదే మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అయితే మిలియన్లలో ఉంటుంది. 2024 మొదటి రౌండ్‌లో హైస్కూల్ నుంచి తీసుకున్న ఎడమచేతి పిచ్చర్ క్యామ్ కామినిటి ఆ సీజన్ అగస్టాకే ఆడాడు, మేం వెళ్ళిన రోజు అతని వంతు కాదు. స్టార్టింగ్ పిచ్చర్లతో ఇదే బాధ, ఒకసారి వేస్తే మళ్ళీ ఐదారు రోజులకి గానీ చేతికి బంతి ఇవ్వరు.

అగస్టా అనగానే నేను చెప్పే కథ బ్రేవ్స్ పిచ్చర్ స్పెన్సర్ స్ట్రైడర్‌ది. 2020లో నాలుగో రౌండ్‌లో తీసుకున్నారు, పెద్ద పేరేం లేదు. 2021 మేలో ఇదే అగస్టా టీములో మొదలుపెట్టి, రోమ్, మిసిసిపీ, గ్విన్నెట్ అన్నీ ఒకే వేసవిలో ఎక్కేసి అక్టోబర్ 1న అట్లాంటాకి ఆడాడు. ఇప్పుడు నేను మీకు చూపిస్తున్న రూటే అది. మామయ్యకి చెప్తే, "మరి ఈ ఊరివాళ్ళు ఊరుకున్నారా, మంచివాణ్ణి మధ్యలో పట్టుకుపోతే?" అన్నారు.

ఊరుకోకేం చేస్తారు? ఆటగాళ్ళ జీతం బ్రేవ్స్ ఇస్తుంది, కోచ్‌లు బ్రేవ్స్ మనుషులు, ఎవరు ఏ ఇన్నింగ్స్‌లో దిగాలో, ఎన్ని బంతులు వేయాలో అట్లాంటా ఆఫీసు చెప్తుంది. స్థానిక టీము చేసేది టికెట్లు, పార్కింగ్, హాట్‌డాగ్‌లు, టీషర్టులు అమ్ముకోవడం. నిజానికి ఈ నాలుగు టీములకీ యజమాని ఇప్పుడు ఒకటే కంపెనీ, డైమండ్ బేస్‌బాల్ హోల్డింగ్స్. ఆ రాత్రి అగస్టా పిచ్చర్ నాలుగో ఇన్నింగ్స్ దాకా అదరగొట్టాడు, ఒక్క పరుగు ఇవ్వలేదు, ఐదో ఇన్నింగ్స్‌కి బయటికే రాలేదు. దెబ్బ తగిలిందా అని మామయ్య కంగారుపడ్డారు. ఏం లేదు, అతని కోటా బంతులు అయిపోయి ఉంటాయి. తర్వాత వచ్చినవాడు ఆధిక్యం మొత్తం పోగొట్టాడు, మ్యాచ్ పోయింది. డగౌట్‌లో (ఆటగాళ్ళు కూర్చునే చోట) ఎవరూ పెద్దగా బాధపడుతున్నట్టు లేరు. బాధపడింది మా వెనక వరసలో ఉన్న ఊరివాళ్ళే.

శుక్రవారం, రోమ్

రాత్రి ఇల్లు చేరేసరికి చాలా ఆలస్యమైంది, మధ్యాహ్నం దాకా లేవలేదు. రోమ్ అట్లాంటాకి వాయవ్యంగా 70 మైళ్ళు ఉంటుంది, కొండల మధ్య ఊరు. ఎటోవా, ఊస్టనాలా అని రెండు నదులు ఇక్కడ కలిసి కూసా నదవుతాయి. ఇటలీ రోమ్‌లాగా దీనికీ ఏడు కొండలని చెప్పుకుంటారు. సిటీ హాల్ ముందు తోడేలు పాలు తాగుతున్న ఇద్దరు పిల్లల కంచు విగ్రహం ఉంది, 1929లో ముసోలినీ హయాంలో ఇటలీ నుంచి కానుకగా వచ్చింది. మామయ్య ఫొటో దిగారు.

టీము పేరు రోమ్ ఎంపరర్స్. 2023 దాకా రోమ్ బ్రేవ్స్ అనేవాళ్ళు, 2024లో మార్చారు. ఎంపరర్ అంటే చక్రవర్తి అనుకుంటాం కదా, వీళ్ళ లోగోలో ఉన్నది ఎంపరర్ పెంగ్విన్. ఆగస్టు ఉక్కలో పెంగ్విన్ వేషం వేసుకుని గంతులేస్తున్న మనిషిని చూస్తే జాలేసింది. మైనర్ లీగుల్లో ఇలాంటి పేర్లకి కారణం సింపుల్, టోపీలు అమ్ముడుపోతాయి. బ్రేవ్స్ టోపీ ఎక్కడైనా దొరుకుతుంది, పెంగ్విన్ టోపీ రోమ్‌లోనే.

ఆట చూసింది రెండు ఇన్నింగ్స్‌లే. పడమటి వైపు నల్లగా కమ్ముకొచ్చింది, అంపైర్లు చేతులు ఊపారు, గ్రౌండ్ సిబ్బంది పరుగు పరుగున వచ్చి మైదానం పక్కనున్న పెద్ద రోలర్ నుంచి టార్పాలిన్ లాగడం మొదలుపెట్టారు. ఆఫీసు బట్టల్లో ఉన్న టికెట్ కౌంటర్ అమ్మాయి, గిఫ్ట్ షాపు కుర్రాడు, అందరూ దూకారు. చిన్న టీముల్లో అంతే, అందరూ అన్ని పనులూ చేస్తారు. గాలికి టార్పాలిన్ ఒక మూల లేచి ఇద్దర్ని కింద పడేసింది. మామయ్య లేచి నిలబడి "అటువైపు ఇద్దరు నిలబడండ్రా!" అని తెలుగులో కేకేశారు, మైదానంలో ఒకడు నిజంగానే అటువైపు పరిగెత్తాడు.

గంటన్నర తడవకుండా కాంకోర్స్‌లో, సీట్ల వెనక ఉండే నడవాలో నిలబడ్డాం. అక్కడ ఒక పెద్దాయన, జనానికి సీట్లు చూపించే అషర్‌గా పనిచేస్తాడట, మామయ్యని చూసి తనే మాట కలిపాడు. 2003లో ఈ స్టేడియం తెరిచిన సంవత్సరం నుంచీ ఉన్నాడట. ఆ ఏడాదే, తర్వాత బ్రేవ్స్‌కి ఆడిన బ్రయాన్ మెక్‌క్యాన్, జెఫ్ ఫ్రాంకోర్ ఇక్కడ కలిసి ఆడారు, ఇద్దరూ అట్లాంటా కుర్రాళ్ళే, రోమ్ ఆ ఏడాది లీగ్ కూడా గెలిచింది. 2016లో అకూన్యా ఇక్కడ ఆడాడు. ఇంతమందిని చూశారు కదా, ఎవరు పైకి వెళ్తారో ముందే తెలుస్తుందా అని అడిగాను. అస్సలు తెలియదన్నాడు. తను పందెం కాసినవాళ్ళలో ఒకడు ఇప్పుడు ఇదే ఊళ్ళో ఇళ్ళకి ఏసీలు బిగిస్తున్నాడని చెప్పి గట్టిగా నవ్వాడు.

డబ్బుల మాట కూడా అక్కడే వచ్చింది. మైనర్ లీగ్ ఆటగాళ్ళకి చాలాకాలం సంఘమే లేదు, ఒకే అపార్ట్‌మెంట్లో ఆరేడుగురు నేల మీద పడుకునేవాళ్ళు. 2022 నుంచి క్లబ్బులే వసతి ఇస్తున్నాయి. 2023లో మొదటిసారి యూనియన్ ఒప్పందం కుదిరి కనీస జీతం సింగిల్-ఏలో ఏడాదికి 26,200 డాలర్లు, హై-ఏలో 27,300, డబుల్-ఏలో 30,250, ట్రిపుల్-ఏలో 35,800 అయింది. అంటే ఇంత చేసినా అట్లాంటాలో మన కన్సల్టెన్సీ కుర్రాడు మొదటి ఉద్యోగంలో సంపాదించేదానికంటే చాలా తక్కువ. పైన మేజర్ లీగ్‌లో 2025 కనీస జీతం 7,60,000 డాలర్లు. మధ్యలో పెద్ద గోడే.

మిగతా ఆట మర్నాటికి వాయిదా అన్నారు. మా దారి వేరు కాబట్టి టికెట్ డబ్బులు వర్షంలో పోయినట్టే.

శనివారం, కొలంబస్

నైరుతికి, ఐ-85 దాటి ఐ-185. ఊరి పక్కనే చట్టహూచీ నది, అవతలి ఒడ్డు అలబామా. మధ్యాహ్నం వెళ్తే నదిలో రాఫ్టింగ్ పడవలు ఎగిరిపడుతున్నాయి, ఊరి నడిబొడ్డున ఇలాంటిది ఉంటుందని అనుకోలేదు.

స్టేడియం 1926 నాటిది. గోల్డెన్ పార్క్ అనేవాళ్ళు, ఈసారి టీము రావడంతో కోట్లు ఖర్చుపెట్టి బాగుచేసి సినోవస్ పార్క్ అన్నారు. 1996 ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మొట్టమొదటిసారి ఆడింది ఇక్కడే, అమెరికా అమ్మాయిలు స్వర్ణం గెలిచారు. అంతకంటే పాత సంగతి ఇంకొకటుంది. 1953లో, తర్వాత బ్రేవ్స్ దిగ్గజమైన హ్యాంక్ ఆరన్ జాక్సన్‌విల్‌కి ఆడుతూ, ఇంకో ఇద్దరు సహచరులతో కలిసి, ఈ ప్రాంతపు సౌత్ అట్లాంటిక్ లీగ్‌లో నల్లవాళ్ళు ఆడకూడదన్న కట్టుబాటుని బద్దలుకొట్టాడు. కొలంబస్, అగస్టా అప్పుడు ఆ లీగ్ ఊళ్ళే. టీము మొత్తం హోటల్లో దిగితే వీళ్ళు ముగ్గురూ వేరే ఎవరింట్లోనో పడుకోవాలి, తెల్లవాళ్ళ రెస్టారెంట్ వెనక బస్సులోనే తినాలి. ఆ ఏడాది ఆ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. మామయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అప్పుడతని వయసెంత అని అడిగారు. పందొమ్మిది.

టీము పేరు క్లింగ్‌స్టోన్స్, గింజకి కండ అంటుకుని ఉండే పీచ్ పండు రకం. జార్జియా అంటేనే పీచ్ పండ్లు కదా, కొత్త టీము కాబట్టి ఊళ్ళో అందరి నెత్తిమీదా ఆ టోపీయే.

బేస్‌బాల్ జనం డబుల్-ఏనే అసలు జల్లెడ అంటారు, నేనూ ఒప్పుకుంటాను. కిందివరకూ వేగంతో నెట్టుకొచ్చిన పిచ్చర్లకి ఇక్కడ బ్యాటర్లు చెడ్డ బంతిని వదిలేస్తారు, వంపు తిరిగే కర్వ్‌బాల్ కోసం కాచుకుని ఉంటారు, రెండో ఆయుధం లేకపోతే ఆ ఏడాదితో ఆగిపోతారు. మైఖేల్ హారిస్ డబుల్-ఏ నుంచి ట్రిపుల్-ఏ తొక్కకుండానే 2022 మేలో అట్లాంటాకి వెళ్ళాడు, ఆ ఏడాది రూకీ అవార్డు (కొత్తగా వచ్చినవాళ్ళలో ఉత్తముడికిచ్చేది) అతనిదే, రెండో స్థానం స్ట్రైడర్‌ది. 2025లో డిడియర్ ఫ్యూయెంటెస్ అనే కొలంబియా కుర్రాడు ఇరవై నిండీ నిండగానే అట్లాంటా తరఫున మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎక్కాడు, అవసరం వచ్చి తొందరపడి లాగారు, బాగా కొట్టించుకుని వెనక్కి వచ్చాడు. నా లెక్కలో అది క్లబ్బు చేసిన తప్పే, పచ్చికాయ కోసినట్టు.

మ్యాచ్‌కి ముందు షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ప్రాక్టీసు చూశాం. చేతికి మామూలు గ్లవ్ కాదు, అరచేతికంటే కాస్త పెద్దదిగా ఉన్న చపాతీలాంటి తోలు ముక్క. దాంతో బంతిని పట్టలేరు, ఆపి రెండో చేత్తో అందుకోవాలి. కోచ్ మోకాళ్ళ మీద కూర్చుని నాలుగడుగుల దూరం నుంచి బంతి విసురుతాడు, కుర్రాడు కుడి చెయ్యి దగ్గరే పెట్టుకుని టక్‌మని తీసుకుని వదిలేస్తాడు. ఎడమవైపు, కుడివైపు, మళ్ళీ ఎడమ. చెమట మోచేతుల నుంచి కారుతోంది. మామయ్య సంచిలోంచి చిన్న నోటుబుక్ తీసి ఆ గ్లవ్ బొమ్మ గీసుకున్నారు, కొలతలు అంచనా వేసి రాసుకున్నారు, "మన కబడ్డీ పిల్లలకి పనికిరాదు గానీ ఖోఖోకి ఏమన్నా..." అంటూ గొణుక్కున్నారు.

దారిలో ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడం కష్టమైంది: "వీళ్ళందరూ అట్లాంటాకేనా?" కాదు. మంచివాళ్ళలో చాలామందిని ఇచ్చి పెద్ద ఆటగాణ్ణి కొనుక్కుంటారు. 2022లో మ్యాట్ ఓల్సన్ కోసం ఓక్లండ్‌కి నలుగురు కుర్రాళ్ళని ఇచ్చేశారు, క్రిస్టియన్ పాచె, షే ల్యాంగలియర్స్ లాంటి పేరున్నవాళ్ళు అందులో ఉన్నారు. 2017లో విదేశీ కుర్రాళ్ళ సంతకాల్లో గోల్‌మాల్ చేశారని తేలి లీగ్ బ్రేవ్స్ నుంచి 13 మందిని విడిపించి వదిలేసింది, అప్పటి జనరల్ మేనేజర్‌ని నిషేధించింది, ఆ దెబ్బకి కొన్నేళ్ళు బయటి దేశాల నుంచి మంచివాళ్ళని తెచ్చుకోవడమే కుదరలేదు.

ఆదివారం, గ్విన్నెట్

ఇది మన పేటే అనుకోవచ్చు. సువానీలో బిర్యానీ తిని, పావుగంటలో లారెన్స్‌విల్ స్టేడియం. 2008 దాకా ఈ టీము వర్జీనియాలో రిచ్‌మండ్ బ్రేవ్స్, 2009లో ఇక్కడికొచ్చింది, 2018 నుంచి స్ట్రైపర్స్. అట్లాంటా స్టేడియానికి ఇక్కడి నుంచి 35 మైళ్ళే, పిలుపు వస్తే కిట్ బ్యాగు కారులో పడేసుకుని వెళ్ళిపోవడమే. అందుకేనేమో జనం ఇక్కడికి రారు, పైటీమే అంత దగ్గరుంటే కింది టీము ఎవరికి కావాలి? ఆదివారం మధ్యాహ్నం కూడా సగానికి పైగా కుర్చీలు ఖాళీ.

నాకు ట్రిపుల్-ఏ వాతావరణం ఎప్పుడూ కొంచెం చేదుగా అనిపిస్తుంది. అగస్టాలో అందరి మొహాల్లో ఆశే, ఇక్కడ సగంమంది ముప్పై దగ్గరపడినవాళ్ళు, పైకెళ్ళి దిగొచ్చినవాళ్ళు, ఎవరికైనా దెబ్బ తగిలితే పిలుపొస్తుందని ఫోన్ పట్టుకుని ఉన్నవాళ్ళు. మంచి ప్రాస్పెక్ట్‌లు, అంటే పైకెళ్తారని ఆశపెట్టుకున్న కుర్రాళ్ళు, ఇక్కడ ఎక్కువ కాలం ఉండరు. పిచ్చర్ హర్స్టన్ వాల్డ్రెప్ ఇక్కడే ఉన్నాడని వస్తే, ఆ నెల మొదట్లోనే బ్రిస్టల్‌లో కార్ల రేసు ట్రాక్ మీద ఆడిన మ్యాచ్‌కి పిలిచి, గెలిపించాక అక్కడే ఉంచేశారు. ఆ ఒక్క సీజన్‌లో రోమ్, కొలంబస్ దాటి గ్విన్నెట్ దాకా వచ్చిన పిచ్చర్ జేఆర్ రిచీని చూడాలనుకున్నా, ఆ రోజు అతనిదీ కాదు. ఏం చేస్తాం.

మామయ్యకి మాత్రం నచ్చింది ఇక్కడే. ట్రిపుల్-ఏలో స్ట్రైకా (సరైన బంతా) బాలా (గీత బయటి బంతా) అని అంపైర్ చెప్పినదాన్ని సవాలు చేయొచ్చు. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ ముగ్గురిలో ఎవరో ఒకరే, డగౌట్ వైపు చూడకుండా, వెంటనే తల మీద చెయ్యి తట్టాలి. స్క్రీన్ మీద బంతి బొమ్మ వచ్చి గీత తాకిందో లేదో క్షణంలో చూపిస్తుంది. "డీఆర్ఎస్! ఇది మన డీఆర్ఎస్!" అని ఆయన పక్కనున్న తెల్లాయనకి వివరించడం మొదలుపెట్టారు. ఆయనకి డీఆర్ఎస్ తెలియదు, మామయ్యకి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇద్దరూ ఆరో ఇన్నింగ్స్ దాకా మాట్లాడుకున్నారు. 2026 నుంచి ఈ పద్ధతి పెద్ద లీగ్‌కీ వచ్చింది. బంతి విసరడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ కూడా ఇలాగే ముందు కిందే పరీక్షించారు, ఆటగాళ్ళ మీదే కాదు, రూల్స్ మీద ప్రయోగాలకీ ఇదే లాబ్.

సోమవారం, అట్లాంటా

కింద అన్ని ఊళ్ళకీ సెలవు, పైన ఆట ఉంది. ట్రూయిస్ట్ పార్క్, 2017లో తెరిచారు. పార్కింగ్‌కి ఇచ్చిన డబ్బుతో రోమ్‌లో ఇద్దరం టికెట్లు కొనుక్కుని తిని రావచ్చు.

బ్రేవ్స్‌కి అది చెత్త సీజన్, 76 గెలిచి 86 ఓడిపోయారు చివరికి. అయినా చూడటానికి ఒక కారణం ఉంది. మిస్సోరి స్టేట్ నుంచి 2022 మూడో రౌండ్‌లో వచ్చిన క్యాచర్ డ్రేక్ బాల్డ్విన్, సీనియర్ క్యాచర్ గాయపడటంతో సీజన్ మొదటి రోజే దిగి, నవంబర్లో నేషనల్ లీగ్ రూకీ అవార్డు కొట్టాడు. ఏడాది ముందు గ్విన్నెట్ ఖాళీ కుర్చీల ముందు ఆడినవాడే. సెంటర్ ఫీల్డ్‌లో హారిస్‌ని చూపించి, వీడు కొలంబస్ మెట్టు నుంచి నేరుగా దూకినవాడు అని చెప్పాను. ఆయన నోటుబుక్‌లో రాసుకున్నారు.

ఏడో ఇన్నింగ్స్‌లో రిలీఫ్ పిచ్చర్ వరసగా ఇద్దరికి వాక్ (నాలుగు తప్పు బంతులకి ఉచితంగా బేస్) ఇచ్చాడు. మా వెనకాయనకి ఒళ్ళు మండింది. వీణ్ణి గ్విన్నెట్‌కి పంపండి, ఈ రాత్రే పంపండి అని అరుస్తున్నాడు. మామయ్యకి అంత గోలలోనూ ఆ ఒక్క మాట దొరికింది.

"గ్విన్నెట్ అంటే నిన్న వెళ్ళిందేగా? దానికంత కోపమెందుకురా, అక్కడ బిర్యానీ బావుంది కదా."

పంపితే రోజుకి నాలుగువేల డాలర్లు పోతాయి మామయ్యా అన్నాను. ఆయన మౌండ్ మీద ఉన్నవాడి వైపు తిరిగి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "మోచేయి ఎత్తరా!" అని అరిచారు.